మేడం లైన్లో ఉన్నారు

జూన్ 4, 2007, సోమవారం

ఇవాళ్టి నుంచి ఎవరి ఫోన్లోనూ దూరను. కాగితం మీద పెట్టాను కాబట్టి ఇది ఒట్టు కిందే లెక్క.

అసలు తప్పంతా నాకు ప్రమోషన్ ఇచ్చినవాళ్ళది. ఈ ఎమర్జెన్సీ కాల్ సెంటర్‌లో చేరిన దగ్గర్నుంచీ ఫోన్లెత్తడమే నా పని. పాము కరిచిందన్నా, లారీ గుద్దిందన్నా, నొప్పులొస్తున్నాయన్నా, ఊరూ వీధీ కనుక్కుని అంబులెన్స్ పంపించి, అది చేరేదాకా అవతలివాళ్ళకి ధైర్యం చెప్పడం నాకు మంచినీళ్ళ ప్రాయం. అంత బాగా చేస్తోంది కదా అని పొద్దుటి షిఫ్టుకి లీడర్ని చేశారు. చేసి, ఇక మీరు ఫోన్లు ఎత్తకూడదన్నారు. వంట బాగా చేస్తుందని మెచ్చుకుని వంటింట్లోకి రావద్దన్నట్టుంది.

ఇప్పుడు హాల్లో అందరూ ఫోన్లెత్తుతుంటే నేను ముందు బల్ల దగ్గర కూర్చుని చూడాలి. నా బల్ల మీదున్న హెడ్‌ఫోన్‌లో ఎవరి కాల్ కావాలంటే వాళ్ళది వినొచ్చు. పక్కనే ఒక ఎర్ర బటన్. అది నొక్కితే ఆ కాల్లోకి నా గొంతు కూడా వెళుతుంది. బాగా అవసరమైతేనే నొక్కాలట. నాకు అవసరం కనబడుతూనే ఉంటుంది, ఏం చెయ్యను?

ఇవాళ యాదగిరికి శామీర్‌పేట నుంచి కాల్ వచ్చింది. యాదగిరిది గౌడవెల్లి, నెమ్మదస్తుడు. చెరువు కట్ట దగ్గర బండి జారి ఇద్దరు పడ్డారు. యాదగిరి అడుగుతున్నాడు, అవతలి కుర్రాడు చెబుతున్నాడు, కానీ ఎంత నెమ్మదో! నా చెయ్యి ఊరుకోలేదు. బటన్ నొక్కి, "బాబూ, కట్ట మీదా, కట్ట కిందా? తొందరగా చెప్పు" అన్నాను.

"అక్కా, మీరెవరు? ఇందాకటి అన్న ఏడికి పోయిండు?" అన్నాడు ఆ కుర్రాడు. "నేను ఈడనే ఉన్న తమ్మీ" అన్నాడు యాదగిరి. మళ్ళీ మొదటి నుంచి చెప్పించాల్సి వచ్చింది. అంబులెన్స్ వేళకే చేరిందనుకోండి. తరవాత యాదగిరి హెడ్‌ఫోన్ తీసి నావైపు చూశాడు.

"మేడం, ఆ పిలగాడు నాతోని మంచిగనే మాట్లాడుతుండె గద?"

"నేను ఊరికే ఒక్క మాట సాయం చేశానయ్యా" అన్నాను. ఆ మొహం చూశాకే ఈ ఒట్టు.

జూన్ 5, మంగళవారం

దూరలేదు.

(ఒక్కసారి. అది లెక్కలోకి రాదు. వాడు తాగి ఫోన్ చేశాడు. గట్టిగా ఒకటి అంటే తప్ప పెట్టెయ్యడు.)

జూన్ 7, గురువారం

కొత్త వేళాకోళం మొదలైంది. నేను బటన్ నొక్కగానే ఆ ఫోన్లో మాట్లాడేవాళ్ళకి చెవిలో చిన్న టక్కుమనే శబ్దం వస్తుంది. అది వినబడగానే వాళ్ళు చెయ్యి పైకెత్తుతున్నారు. చెయ్యి లేవగానే ఆ వరసలో ఖాళీగా ఉన్నవాళ్ళంతా రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ లాగా, మెల్లగా, రాగం తీస్తూ, "మేడం లైన్లో ఉన్నారు" అంటున్నారు. ఇవాళ చాలాసార్లే అన్నారు.

వెనక వరసలోంచి ఎవరో, "ఈ షిఫ్ట్‌ల అంబులెన్స్ కన్న ముందు మేడమే చేరుతది" అన్నారు. నేనూ నవ్వాను. లీడరన్నాక సరదాగా ఉండాలి. ఆఫీసు బస్సులో కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు.

జూన్ 11, సోమవారం

ఇంటి సంగతి కూడా రాసుకోవాలి, లేకపోతే ఇది ఆఫీసు గొడవల పుస్తకం అయిపోతుంది.

మా ఆయన రాజారావు గారికి అత్వెల్లి దగ్గర పైపుల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. ఆయన వచ్చేసరికి నేను బయల్దేరతాను. కొత్త కాలనీలో మా ఇల్లు ఇంకా సున్నం వాసన వస్తూనే ఉంది. తణుకు నుంచి అత్తయ్యగారిని తెచ్చుకున్నాం. ఆవిడకి షుగరు. పొద్దున్న టిఫిన్ పెట్టి, ఆ తరవాతే మాత్ర వెయ్యాలి. ఇది ఆయనకి రోజూ చెప్పి వెళతాను. టీ వేళకి ఫోన్ చేసి మళ్ళీ అడుగుతాను.

"టిఫిన్ పెట్టారా?"

"ఆ."

"మాత్ర?"

"అన్నీ వేళకే ఇచ్చాను పద్మా."

ఎప్పుడడిగినా ఇదే మాట. వింటే ప్రాణం హాయిగా ఉంటుంది. మితభాషి. పక్కింటి ఆయనతో గోడ దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడతారు కానీ, అవి మగవాళ్ళ కబుర్లు. నాతో ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఆయనకి రాదు. ఆయన నోరు తెరిచేలోపే నాకు అర్థమైపోతుంది.

జూన్ 14, గురువారం

హాలు మేనేజర్ జానకిరామయ్య గారు పిలిచారు. ఆయన ఎవర్నీ ఒక మాట అనరు. చెడ్డ కబురు చెప్పాల్సివస్తే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. నేను వెళ్ళేసరికి తుడుచుకుంటున్నారు.

"పద్మజ గారూ, మీ షిఫ్టు నుంచి ముగ్గురు మధ్యాహ్నం షిఫ్టుకి మార్చమని అడిగారు."

"ఎందుకట సార్?"

"అది మీకు తెలుసనుకుంటాను."

నాకు తెలియదన్నాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడిచారు. నెలాఖరుదాకా ఆగమని వాళ్ళకి చెప్పారట. అప్పటికీ అదే మాటంటే వాళ్ళని మార్చేస్తారు, మంచివాళ్ళు పోయిన షిఫ్టుని ఇంకొకరికి అప్పగించి నన్ను మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. "మీకూ అదే ఇష్టమేమో ఆలోచించండి" అన్నారు, ఎంతో దయగా.

ఇష్టం కాదు. ఫోన్లంటే ప్రాణమే, కానీ ఇలా దింపేస్తే వెళ్ళి కూర్చోవడం వేరు. ఆ ముగ్గురిలో యాదగిరీ, వాడి పక్క సీటు అమ్మాయీ ఉన్నారు, సరే. జాస్మిన్ కూడానా! అల్వాల్ నుంచి వస్తుంది ఆ పిల్ల. చర్చిలో పాడుతుందని అడక్కుండానే ఆదివారాలు సెలవు వేశాను. షిఫ్టులో అందరికంటే బాగా మాట్లాడేది తనే. నా తరవాత. చాలా బాధేసింది.

జూన్ 16, శనివారం

క్యాంటీన్లో జాస్మిన్‌ని పక్కకి కూర్చోబెట్టుకుని అడిగాను. సమోసాని ముక్కలు ముక్కలుగా తుంచింది. తరవాత చెప్పింది.

"మేడం, మీరు మంచోళ్ళే. గని మీరు లైన్ల ఉన్నరంటె నాకు నోరు ఎండుకపోతది. ఫోన్ జేసినోళ్ళు గూడ గంతే. ఒక్కలతోనైతె కడుపుల ఉన్నది చెప్పుకుంటరు. ఇద్దరైతె ఇగ మీటింగ్ లెక్క అయితది, ఏం చెప్పరు."

అప్పుడు నేను తనకి అనుభవం గురించీ, బాధ్యత గురించీ వివరంగా చెప్పాను. టీ చల్లారేదాకా చెప్పాను. "ఔ మేడం, ఔ మేడం" అంటూ విన్నది. బాగా అర్థం చేసుకునే పిల్ల. ఇక మారమని అడగదు.

జూన్ 18, సోమవారం

దూరలేదు. నిజంగానే. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి తిమ్మిరి.

జూన్ 20, బుధవారం

ఇవాళ యాదగిరి కాల్ ఒకటి వినకపోతే జీవితంలో ఏదో పోగొట్టుకునేదాన్ని. పర్వతాలు అనే ఆయన ఫోన్ చేశాడు. నొప్పులు మొదలై చాలాసేపయిందట, చాలా పరేషాన్ అవుతున్నాడు.

"మొదటి కాన్పా అన్నా?"

"మూడోది. గీసారి అడ్డం తిరిగినట్టున్నది."

"పేషెంట్ పేరు చెప్పు."

"లచ్చుమమ్మ."

"వయసెంత?"

"ఎనిమిదేండ్లు ఉంటయి."

యాదగిరి పెన్ను ఆగిపోయింది. "అన్నా, గీ లచ్చుమమ్మ మనిషేనా?"

"మనిషి ఎందుకయితది? బర్రె."

"అన్నా, మా బండి మనుషులకే."

"మా ఇంట్ల మనుషులందరి కన్న దానికే ఎక్కువ ఇజ్జత్ ఉన్నది తమ్మీ."

నా చెయ్యి లేచింది. పెట్టెయ్యమని చెబుదామనుకున్నాను. యాదగిరి పెట్టెయ్యలేదు. ఆ మండలంలో పశువుల డాక్టరు ఎక్కడుంటాడో ఊళ్ళో ఎవర్ని అడగాలో చెప్పి, డాక్టరు దొరికేదాకా దాన్ని నీడలో కట్టెయ్యమని చెప్పి, "భయపడకు, అయితది" అన్నాడు. మధ్యాహ్నం పర్వతాలు మళ్ళీ ఎమర్జెన్సీ నంబరుకే చేసి, పెయ్య దూడ పుట్టిందన్నాడు. హాలంతా చప్పట్లు. ఇంకెప్పుడూ ఇలాంటి కబుర్లకి ఈ నంబరుకి చెయ్యకూడదని యాదగిరి చెబుతున్నాడు కానీ వాడి మొహం మాత్రం వెలిగిపోతోంది.

నేను నొక్కలేదు. నొక్కి ఉంటే ఆ దూడ సంగతి మాకెవరికీ తెలిసేది కాదు. రేపు కూడా నొక్కకూడదు.

జూన్ 21, గురువారం

నాలుగుసార్లు నొక్కాను. రోజు అలాంటిది.

జూన్ 26, మంగళవారం

నిన్న రాయడానికి కుదరలేదు. ఇప్పుడు అంతా బాగానే ఉంది కనుక నిదానంగా రాస్తాను.

నిన్న పొద్దున్న జాస్మిన్ కాల్ వింటున్నాను. మగ గొంతు. "అమ్మా, మా అమ్మ సరిగ్గా లేవట్లేదమ్మా. ఒళ్ళంతా చెమటలు. ఏదో మాట్లాడుతోంది, అర్థం కావట్లేదు." మొదటి మాటకే ఆ గొంతు నాకు తెలిసింది. మా ఆయనది.

జాస్మిన్‌కి ఆయనెవరో తెలియదు. చక్కగా అడిగింది, ఆయనా చక్కగానే చెప్పారు. మేడ్చల్ దాటాక అత్వెల్లి రోడ్డు, నీళ్ళ ట్యాంకు వెనక కాలనీ, పచ్చ గేటు. అంబులెన్స్ బయల్దేరిపోయింది కూడా. మా దగ్గర ఒక నియమం ఉంది. సొంతవాళ్ళ కాల్ వస్తే అందులో వేలు పెట్టకూడదు, పక్కవాళ్ళకి వదిలెయ్యాలి. ఆ నియమం కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. నొక్కాను.

"ఏవండీ! నేనే. అత్తయ్యగారికి ఏమైంది?"

"పద్మా... నువ్వా?" ఆయన గొంతు ఒక్కసారిగా సన్నబడిపోయింది.

"టిఫిన్ పెట్టారా?"

"ఆ."

"మాత్ర ఇచ్చారా?"

"ఆ... అన్నీ వేళకే ఇచ్చాను."

"మరి ఇదేమిటి? నిన్న మళ్ళీ మామిడిపండు పెట్టారా? ఆవిడ అడిగితే మీరు కాదనలేరు. షుగర్ పెరిగిపోయుంటుంది. తీపి దగ్గరికి కూడా రానివ్వకండి. ఆ కిటికీ తియ్యండి. ఆ గదికి గాలాడదని పొద్దున్న చెప్పానా లేదా? చెప్పానా?"

"చెప్పావు."

"తీశారా?"

"తీస్తున్నాను..."

"చెబితే తప్ప..."

అప్పుడు జాస్మిన్ గొంతు, చాలా నెమ్మదిగా. "మేడం, లైన్ దిగుండ్రి."

నేను ఇంకా ఏదో అనబోయాను.

"మేడం. ఇది నా కాల్."

హాల్లో ఎవరూ రాగం తియ్యలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. బటన్ వదిలేసి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. జానకిరామయ్య గారు వచ్చి యాదగిరిని నాతో వెళ్ళమన్నారు. వాడి బండి మీద మేడ్చల్ ఆస్పత్రికి వెళ్ళాం. దారిలో "ఏం గాదక్కా, ఏం గాదు" అంటూనే ఉన్నాడు. మేడం అనడం మర్చిపోయాడు.

నేను వెళ్ళేసరికి అత్తయ్యగారు మంచం మీద కూర్చుని పెదాలు నాక్కుంటున్నారు. "ఇన్ని తీపి నీళ్ళు ఎవరే నా నోట్లో పోసింది? పెళ్ళి పానకంలా ఉంది" అన్నారు. ఆ మాట విన్నాక ఏడుపు ఆగలేదు నాకు. షుగర్ పెరగలేదట, బాగా పడిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు డాక్టరు. ఎందుకు పడిపోయిందని అడిగాను. డాక్టరు మా ఆయనవైపు చూశాడు. మా ఆయన ఫ్యాన్ వైపు చూశారు. పెద్దవాళ్ళకి ఒక్కోసారి అలా అవుతుందన్నాడు డాక్టరు. రెండు రోజులు ఉంచుతామన్నాడు.

తీపి పెట్టొద్దని నేనన్నమాట నిజమే. కానీ మా హాల్లో ఒక డాక్టరు కూర్చుంటారు, అవసరమైతే ఆయన్ని కాల్లోకి కలుపుతాం. ఆయనే కలిసి చక్కెర నీళ్ళు పట్టించమని చెప్పి ఉంటారు. అయినా నా గొంతు విన్నందువల్లే ఈయనకి ధైర్యం వచ్చి ఉంటుంది. లేకపోతే ఈయన ఒక్కరే ఏం చెయ్యగలరు? ఆ ఒక్క విషయంలో నేను దూరడం మంచిదే అయింది.

జాస్మిన్ మీద కోపం లేదు. అంత గట్టిగా అనాల్సింది కాదు, అంతే.

జూన్ 27, బుధవారం

అత్తయ్యగారు ఇంటికొచ్చారు. నేను డ్యూటీకి పూతరేకులు పట్టుకెళ్ళాను. అందరూ ఆప్యాయంగా అడిగారు. జాస్మిన్ మాత్రం నా కళ్ళలోకి చూడటం లేదు. పాపం, అన్నమాటకి సిగ్గుపడుతోంది.

ప్రతి నెలాఖరుకీ మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఆ నెల వచ్చిన కాల్స్‌లో ఒకటి హాల్లో అందరికీ వినిపిస్తారు. అందరూ నోరు మూసుకుని వినాలి. అయ్యాక ఆ షిఫ్టు లీడరు లేచి అందులో మంచేమిటో తప్పేమిటో చెప్పాలి. జానకిరామయ్య గారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, ఈసారి మా ఇంటి కాల్ పెడదామనుకుంటున్నానన్నారు. "మీవారి గొంతు, మీ ఇంటి విషయం. మీరిద్దరూ సరేనంటేనే. వద్దంటే ఇంకోటి పెడదాం. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? ఆయనది వేరూ నాది వేరూనా? ఇద్దరి తరఫునా సరేననేశాను. నెలాఖరులో ఇలాంటి కాల్ వినిపిస్తే నా షిఫ్టుకి ఎంత పేరు!

సాయంత్రం బస్సు దగ్గరికి జాస్మిన్ పరిగెత్తుకొచ్చింది. "వద్దు మేడం, గది పెట్టొద్దు. వేరేది పెట్టమనుండ్రి, ప్లీజ్." తను నన్ను దిగమన్నది అందరూ వింటారని భయం. "ఏం ఫరవాలేదమ్మా, నేనేమీ అనుకోను" అని భుజం తట్టాను. అయినా మొహం అలాగే ఉంది.

ఇంట్లో చెబితే ఆయనకి కాఫీ పొలమారింది. "ఇప్పుడది అందరూ వినడం ఎందుకూ?" అన్నారు. ఈ మనిషికి బొత్తిగా పొగడ్త గిట్టదు.

జూన్ 29, శుక్రవారం

రేపే. ఇస్త్రీ చీర తీసిపెట్టాను.

జూన్ 30, శనివారం

ఇంటికొచ్చి మొహం కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. మూడు షిఫ్టులవాళ్ళూ వచ్చారు. కాల్ మొదలైంది. మొదట నా భాగం. కిటికీ మాట దగ్గరికి వచ్చేసరికే వెనక నుంచి కిసుక్కుమన్నారు. నా గొంతు బయటి నుంచి వింటే ఎలా ఉంటుందో నాకిన్నాళ్ళూ తెలియదు. అక్కడ ఒక తల్లి స్పృహ తప్పుతుంటే నేను "చెప్పానా లేదా, చెప్పానా" అంటున్నాను. జాస్మిన్ దిగమంది. టక్. నేను దిగిపోయాను.

తరవాతది నేనెప్పుడూ వినలేదు.

"సార్, ఇగ చెప్పుండ్రి."

తరవాత మా ఆయన గొంతు. "అమ్మా, మా ఆవిడ లైన్లో ఉందా?"

"లేరు సార్."

"నిజంగా?"

"నిజంగనే సార్. హెడ్‌ఫోన్ గూడ తీసిపెట్టిన్రు."

"హమ్మయ్య" అన్నారు మా ఆయన.

హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా! జానకిరామయ్య గారు కూడా నవ్వారు. ఆ నవ్వులోనే మా ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు, ఒక్కొక్కరూ నవ్వడం ఆపేశారు.

"అమ్మా, పొరపాటు జరిగింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి నిద్రమత్తులో ఉన్నాను. షుగర్ మాత్ర ఇచ్చానో లేదో గుర్తులేక మళ్ళీ ఇచ్చాను. టిఫిన్ పెట్టలేదు. ఉప్మా మాడిపోయింది. మళ్ళీ చేద్దామని కూర్చున్నాను, కళ్ళు మూతలు పడిపోయాయి. లేచి చూస్తే ఇలా ఉంది. మా ఆవిడకి చెప్పకమ్మా."

"చెప్ప సార్. అమ్మ కండ్లు తెరుస్తుందా? నీళ్ళిస్తె మింగుతుందా? లైన్ల ఉండుండ్రి, డాక్టర్ సార్‌ను కలుపుతున్న."

డాక్టరు గారు రెండు ప్రశ్నలు వేసి, కూర్చోబెట్టి చక్కెర నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించమన్నారు.

"మా ఆవిడ తీపి దగ్గరికి రానివ్వొద్దంది కదండీ" అన్నారు మా ఆయన.

ఈ మనిషి తల్లి ప్రాణం పోతున్నా నా మాట దాటడానికి భయపడుతున్నారు.

జాస్మిన్ అందుకుంది. "మేడంకు మీరు చెప్పింది వేరె గద సార్. గీ ముచ్చట ఆమెకు తెల్వదు. తెలిస్తె ఆమె గూడ గిదే చెప్తుండె. పొయ్యిండ్రి, జల్దీ." ఆ పిల్ల అక్కడ కూడా నన్ను కాపాడింది!

చెంచా చప్పుడు. "మింగింది... ఇంకో చెంచా... మింగిందమ్మా." ఆయన ఏడుస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను వినలేదు. జాస్మిన్ ఆయన్ని మాట్లాడిస్తూనే ఉంది. మీరు బాగ జేస్తున్రు సార్, అమ్మ చెయ్యి పట్టుకోండ్రి అంటోంది. అంబులెన్స్ చప్పుడు వినబడుతుండగా మా ఆయన అన్నారు, "మా ఆవిడ చాలా మంచిదమ్మా. అన్నీ తనకే తెలుసు. అందుకే ఏదీ చెప్పబుద్ధి కాదు."

కాల్ అయిపోయింది. ఇప్పుడు లీడరు లేచి మంచీ తప్పూ చెప్పాలి. లేచాను.

"మంచేమిటంటే, జాస్మిన్ నన్ను దింపేసింది" అన్నాను. "తప్పేమిటంటే, నేను ఎక్కాను. నేను దిగకపోయి ఉంటే మా అత్తయ్యగారు ఇవాళ ఉండేవారు కాదు." ఇంకా చెప్పాలనుకునేలోపే జాస్మిన్ వచ్చి నీళ్ళ గ్లాసిచ్చింది. ఆ పిల్లని పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. ఈ పుస్తకంలో నన్ను నేను సమర్థించుకున్న రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఈ కాల్ పెట్టొద్దని జాస్మిన్ ఎందుకు బతిమాలిందో అప్పుడు అర్థమైంది. మా ఆయనకిచ్చిన మాట కోసం.

అందరూ వెళ్ళాక జానకిరామయ్య గారు ఆ ముగ్గుర్నీ నా ఎదురుగానే పిలిచి, మారతారా అని అడిగారు. ఇవాళ మారతామన్నా నేను వాళ్ళని ఏమీ అనుకునేదాన్ని కాదు.

యాదగిరి తల గోక్కున్నాడు. "ఇంకో నెల సూద్దం సార్." వాడి పక్క సీటు అమ్మాయి వాడితోపాటే తల ఊపింది.

"నేను గీ షిఫ్ట్‌లనే ఉంట సార్" అంది జాస్మిన్. "ఇగ నాకు మేడంను దింపుడు ఒచ్చింది గద."

జానకిరామయ్య గారు కళ్ళజోడు తుడుచుకోకుండానే నవ్వారు. నా షిఫ్టు నాకే ఉంది.

జూలై 1, ఆదివారం

నిన్న సాయంత్రం ఆయన డ్యూటీకి బయల్దేరే తొందరలో ఉన్నారు. "విన్నావా?" అని మాత్రం అడిగారు. "విన్నాను" అన్నాను. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు, తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూశారు. నేను టిఫిన్ డబ్బా అందించాను. ఏమీ తోచక దాన్ని పట్టుకుని కాసేపు గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయారు.

ఇవాళ ఇద్దరికీ సెలవు. ఆయన నిద్రలేచేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తయ్యగారు వరండాలో కూర్చుని పెసలు బాగు చేస్తున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని, టిఫినూ మాత్రా ఇకనుంచి నేనే ఇచ్చి వెళతానన్నాను. ఆయన తలూపారు. తరవాత, "నైట్ డ్యూటీ నుంచి వచ్చాక నాకు ఒళ్ళు తెలియదు పద్మా. చాలా రోజుల నుంచి చెబుదామనుకుంటున్నాను" అన్నారు.

అలాంటప్పుడు ముందే చెప్పొచ్చు కదా అన్నమాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దానికి బదులు వేరేది అడిగాను. అడగడానికి భయమేసింది, నిజంగానే భయమేసింది.

"ఇంకా నాకు చెప్పనివి ఏమైనా ఉన్నాయా?"

ఆయన నన్ను చాలాసేపు చూశారు. లైన్లో ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు చూశారు. తరవాత లేచి లుంగీ సర్దుకున్నారు.

"కూర్చో. టీ పెట్టుకొస్తాను. చాలా ఉన్నాయి."

కూర్చున్నాను. టీ తాగడం అయింది. వెలుతురు గోడ దిగి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు పెసలు బాగు చెయ్యడం ముగించి, ఏం జరుగుతోందో తెలియక రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు. నేను నోరు మెదపలేదు. ఆయన ఇంకా మా పెళ్ళయిన మొదటి ఏడాది దగ్గరే ఉన్నారు.